ముక్కు బుడిపెలు కట్టిందా? మాత్రలా, లేజరా, కాటరీయా: ఏది మేలు?

మా మామయ్య జన్మలో మందు ముట్టలేదు. అయినా అరవై దాటేసరికి ముక్కు కొన ఎర్రగా ఉబ్బి, బత్తాయి తొక్కలా గుంటలు పడి, పెళ్లిళ్లలో "రాత్రి గట్టిగానే పడ్డట్టుంది" అనే గుసగుసలు వినాల్సి వచ్చింది. దీని పేరు రైనోఫైమా. రొజేషియా అనే చర్మ జబ్బు ముక్కు మీద ముదిరితే వచ్చే రూపం, ఎక్కువగా నడివయసు దాటిన మగవాళ్లలో కనిపిస్తుంది. లోపలి నూనె గ్రంథులు లావెక్కి, చుట్టూ పీచులాంటి కండ పేరుకుంటుంది. తాగితే ముఖం ఎర్రబడొచ్చు గానీ, ముక్కు పెరగడానికి తాగుడే కారణం అన్నది ఉత్త మాట. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఇటలీ చిత్రకారుడు గిర్లాందాయో 15వ శతాబ్దం చివర్లో వేసిన తాతామనవళ్ల బొమ్మ ఉంది, అందులో తాత ముక్కు అచ్చం ఇదే. మనవడికి మాత్రం ఆ ముక్కుతో ఏ ఇబ్బందీ లేదు, ముద్దుగా ముఖంలోకే చూస్తుంటాడు.

ముందు ఒకటి పోటీలోంచి తీసేద్దాం. మందుల షాపులో ఎలర్జీ అని చెప్పి ఇచ్చిన స్టెరాయిడ్ ట్యూబు మామయ్య మూడు నెలలు రాశాడు. రాసినన్నాళ్లూ ఎరుపు తగ్గింది, ఆపగానే రెట్టింపైంది. రొజేషియాకి స్టెరాయిడ్ క్రీము పనికిరాదు, అంతే.

మెట్రోనిడజోల్ జెల్, ఐవర్‌మెక్టిన్ క్రీము, డాక్సీసైక్లిన్ మాత్రలు పొక్కుల్నీ మంటనీ తగ్గిస్తాయి, కానీ పెరిగిన కండని కరిగించవు. ఆ పని కొంతవరకైనా చేసేది ఐసోట్రెటినోయిన్ మాత్ర, అదీ ముక్కు ఇంకా మెత్తగా, నూనె కారుతూ ఉన్న తొలి రోజుల్లోనే. గ్రంథులు కుంచించుకుపోతాయి. పెదాలు పగిలిపోతాయి, లివర్, కొవ్వు పరీక్షలు చేయించాలి, గర్భిణులు అసలు వాడకూడదు. మానేశాక మళ్లీ ఉబ్బడమూ ఉంది. ముక్కు గట్టిపడి బుడిపెలు కట్టాక ఈ మాత్ర మీద డబ్బు తగలేయడం దండగ.

అప్పుడిక చెక్కించుకోవడమే. ప్లాస్టిక్ సర్జరీ అనగానే తొడ చర్మం తెచ్చి అతికిస్తారేమో అని మామయ్యకి ఒకటే టెన్షన్. అవసరం లేదు. పైన పెరిగిన కండని పొరలుపొరలుగా తీసేసి, గ్రంథుల అడుగు భాగాన్ని వదిలేస్తే, కొత్త చర్మం అందులోంచే పుట్టుకొస్తుంది. మరీ లోతుకి వెళ్తే మచ్చ ఖాయం.

బ్లేడుతో చెక్కితే రక్తం బాగా పోతుంది, కానీ తీసిన ముక్క చెడకుండా చేతికి వస్తుంది, బయాప్సీకి పంపొచ్చు. ఇది చిన్న లాభమేం కాదు, ఇలాంటి ముక్కుల్లో అప్పుడప్పుడు చర్మ క్యాన్సర్ దాక్కుని ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో రక్తం తక్కువ, చెక్కడం సన్నగా కుదురుతుంది, ఖర్చు ఎక్కువ, పైగా కండ ఆవిరైపోతుంది కాబట్టి అనుమానం ఉంటే ముందే ముక్క తీయించుకోవాలి. తీగ కాటరీ, అంటే కరెంటు వేడి తీగతో కండని కోసేయడం, చవక, త్వరగా అయిపోతుంది, రక్తం కూడా ఆగుతుంది, కానీ వేడి లోపలికి దిగితే మృదులాస్థి దెబ్బతింటుంది. మన రంగు చర్మానికి లేజరైనా కాటరీ అయినా తెల్ల మచ్చ, నల్ల మచ్చ భయం ఉండనే ఉంది.

నన్నడిగితే మిషన్ కన్నా చెయ్యి ముఖ్యం. ఒకే ముక్కుకి సగం లేజర్, సగం కాటరీ చేసి చూసిన డాక్టర్లకే ఫలితంలో పెద్ద తేడా కనిపించలేదు. అందుకని ఏ మిషన్ ఉందని కాదు, ఇలాంటి ముక్కులు ఎన్ని చేశారు, ముందూ తర్వాతా ఫోటోలు చూపిస్తారా అని అడగండి. ఇంకో మాట, ముక్కు మీద ప్రతి బుడిపె రైనోఫైమా కాదు, కుష్ఠు కూడా అలా కనిపించొచ్చు. స్పర్శ తగ్గిన మచ్చలు ఒంటి మీద ఎక్కడైనా ఉంటే డాక్టరుకి చెప్పండి.

మామయ్య కాటరీకే మొగ్గాడు. ముక్కుకి మత్తు సూది ఇచ్చి చేశారు, నొప్పి కన్నా కాలిన వాసనే ఇబ్బంది పెట్టిందట. రెండు వారాలు వాసలిన్ మందంగా పూసుకుని, రెండు దిండ్ల మీద పడుకున్నాడు, చెక్కు రాలాక గులాబీ రంగు ముక్కు బయటపడింది, ఆ రంగు తగ్గడానికి నెలలు పట్టింది. రొజేషియా మాత్రం లోపలే ఉంది, మళ్లీ పెరగొచ్చు కూడా. రోజూ సన్‌స్క్రీన్ రాయమన్నారు, ఆడపిల్లల క్రీము అని గొణుగుతూనే అత్తయ్య ట్యూబు ఖాళీ చేస్తున్నాడు.