పాలేటి ఒడ్డున పుల్లరి కథ

మా బావమరిది పిల్లలిద్దరూ బెంగుళూరులోనే పుట్టి పెరిగారు. భారతం రాసిన తిక్కన పేరు విన్నారు గానీ, అదే ఇంటి నుంచి కత్తి పట్టిన ఖడ్గ తిక్కన కూడా వచ్చాడంటే నమ్మలేదు. ఆయన యుద్ధం చేసిన చోటు చూపిస్తే తప్ప లాభం లేదని సెలవులకు రమ్మన్నాను.

నెల్లూరులో రంగనాథస్వామి గుడి, పెన్న ఒడ్డు, చేపల పులుసు. రెండు రోజులు ఇట్టే గడిచిపోయాయి. కష్టాలన్నీ కనిగిరిలోనే. ఫోన్లో 1,100 అన్న ఏసీ గదికి కౌంటర్ దగ్గర 1,600 కట్టమన్నారు, అదనపు పరుపుకు ఇంకో 300. రాత్రి ఎనిమిదికే నీళ్లు ఆగిపోయాయి. అడిగితే మోటారు పాడైందని తెల్లారేదాకా అదే మాట. మా ఆవిడ పొద్దున్న కాఫీ కూడా ముట్టలేదు, నాతో మాట్లాడనూ లేదు.

ఆపైన కారు. యుద్ధం జరిగిన చోటు తనకు బాగా తెలుసని డ్రైవర్ 2,800 ముందే తీసుకున్నాడు. పాలేటి దగ్గర ఒక చోట ఆపి, "ఇక్కడే సార్, బ్రహ్మనాయుడు కొట్టుకుంది" అన్నాడు. పల్నాటి పోరు కారంపూడిలో జరిగిందయ్యా అంటే తల గోక్కున్నాడు. ముందుగా డబ్బు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

మమ్మల్ని ఆదుకున్నది అక్కడ గొర్రెలు మేపుతున్న ఒక ముసలాయన. చేతికర్ర నేలకు ఆనించి, పిల్లల్ని చెట్టు నీడన కూర్చోబెట్టుకున్నాడు. "కరువొస్తే గొడ్డు గోదాతో ఎక్కడికైనా పోవాల గదా నాయనా. ఆవులమందల దొర కాటమరాజూ అట్నే వచ్చినాడు."

13వ శతాబ్దం మాట. నెల్లూరును ఏలిన మనుమసిద్ధి బీడులో ఆవుల్ని మేపుకోవడానికి పుల్లరి, అంటే మేత పన్ను, కింద కోడెదూడల్ని ఇస్తామని కాటమరాజు ఒప్పందం. గడ్డి ఎండింది, పశువులు చచ్చాయి, కాటమరాజు పుల్లరి ఇవ్వనన్నాడు. వసూలుకు సేనతో వచ్చిన ఖడ్గ తిక్కన ఓడి ఇంటికి పోతే, భార్య చానమ్మ స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపుముద్ద ఉంచింది, ఇంట్లో ఇక ముగ్గురం ఆడవాళ్లమే అంది. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. విరగడమంటే పాలు పాడవడమూ, యుద్ధంలో వెన్ను చూపడమూ. తిక్కన మళ్లీ పోయి పోరాడి చచ్చాడు. కొమ్మువాళ్లు కొమ్ము ఊదుతూ ఈ కథ పాడితే తెల్లవార్లూ కూర్చునేవాళ్లమన్నాడు ముసలాయన.

"కొడుక్కి విరిగిన పాలు పోసిన తల్లికి ఎంత కష్టంగా ఉండుంటుందో" అంది మా ఆవిడ. పొద్దున్నుంచీ అదే మొదటి మాట.

చిన్నది అడిగింది: "తాతా, ఇప్పుడు మీరు ఎంత పుల్లరి కడతారు?"

"ఇప్పుడు మేమే చేలో మంద కడితే ఎరువుకని రైతే మాకు డబ్బిస్తాడమ్మా" అన్నాడు.