కొత్తరోడ్డు నుంచి హనుమంతవాక: షేర్ ఆటోకి నా మార్కులు

రివ్యూ దేని గురించో ముందే చెప్పేస్తాను. విశాఖపట్నంలో ఎన్‌ఏడీ కొత్తరోడ్డు ఫ్లైఓవర్ కింద బయల్దేరి హైవే మీదుగా కంచరపాలెం, తాటిచెట్లపాలెం, గురుద్వారా, మద్దిలపాలెం దాటి హనుమంతవాక దాకా పోయే షేర్ ఆటోల గురించి. వీటికి కంపెనీ లేదు, కస్టమర్ కేర్ లేదు, రేటింగ్ చుక్కలు నొక్కడానికి యాప్ కూడా లేదు. నేనుండేది గోపాలపట్నం, పాఠాలు చెప్పేది మద్దిలపాలెం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో, సబ్జెక్టు స్టాటిస్టిక్స్. ఏళ్లుగా ఇదే దారి. ఆలస్యమైన రోజున యాప్‌లో ఆటో పిలుస్తాను కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టే చెప్తాను.

ముందు మంచి. కాలేజీల టైముకి కొత్తరోడ్డులో ఆటో కోసం మనం చూడక్కర్లేదు, ఆటోయే మన కోసం చూస్తూ ఉంటుంది. ఛార్జీ దూరాన్ని బట్టి ఇరవయ్యో ముప్పయ్యో, వానైనా పండగైనా అంతే. చెయ్యెత్తిన చోట ఆగుతుంది, చెప్పిన చోట దింపుతుంది. చిల్లర గొడవ కూడా తగ్గింది. హ్యాండిల్ పక్కనే క్యూఆర్ అంటించి ఉంటుంది, "ఫోన్‌పే కొట్టీండమ్మా" అంటాడు. ఇంకో మర్యాద కూడా చెప్పాలి. వెనక సీట్లో మగపిల్లలుండగా నాలాంటివాళ్లు ఎక్కితే, అడక్కుండానే "బాబూ, నువ్వు ముందుకొచ్చీ, మేడం కూర్చుంటారు" అని సర్దేస్తారు. ఏ యాప్‌లోనూ నాకీ సౌకర్యం దొరకలేదు.

ఇక సీటు. పర్మిట్‌లో ఉండేది ముగ్గురు ప్రయాణికులు. వెనక నలుగురు, ముందు డ్రైవర్‌కి చెరో పక్క ఒకరు అన్నది ఇక్కడ మామూలు. డ్రైవర్ సగం సీటు మీద ఒరిగి, పక్కవాడి మోకాలికి తగలకుండా హ్యాండిల్ తిప్పుతుంటాడు. అది నైపుణ్యమే, కాదనను. కానీ గురుద్వారా దగ్గర సడన్ బ్రేకు పడిందంటే ముందు కూర్చున్నవాడు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ముందు సీటు ఇస్తానంటే దిగిపోండి, తర్వాతది ఎక్కండి.

అన్నిటికంటే విసుగు పుట్టించేది బయల్దేరే ముందు తంతు. బండి నిండేదాకా ఇంజన్ ఆపడు. క్లచ్ వదిలీ వదలకుండా జానెడు ముందుకి, బ్రేకు, మళ్లీ జానెడు. బయటున్నవాడు ఆటో వెళ్లిపోతోందనుకుని పరిగెత్తుకొచ్చి ఎక్కుతాడు. లోపలున్నవాడు బయల్దేరిపోయామనుకుని దిగకుండా ఉంటాడు. కదలకుండా నిలబడ్డ ఖాళీ ఆటో ఎవరూ ఎక్కరని వాళ్లకి బాగా తెలుసు. కదిలాక అతని చూపు రోడ్డు మీద కంటే ఎడమ పక్క ఫుట్‌పాత్ మీదే ఎక్కువ. ఎవరైనా చెయ్యెత్తితే ఇండికేటర్ లేకుండా ఎడమకి కోసేస్తాడు. వెనకొచ్చే సిటీ బస్సు హారన్ మన చెవిలో మోగుతుంది.

సీటుకింత అని వచ్చే డబ్బు మనిషి చూపుని అటు తిప్పుతుంది. పగలు షేర్ కొట్టి సాయంత్రం యాప్ ఆన్ చేసే డ్రైవర్లు ఈ రూటులో ఉన్నారు. అదే మనిషి యాప్ మీద ఉన్నప్పుడు ఫుట్‌పాత్ వైపు చూడనే చూడడు, ఫోన్ వైపు చూస్తాడు. ఎడమకి కోయడం మానేసి, "ఎక్కడికి మేడం? క్యాషా, ఆన్‌లైనా?" అని ఫోన్ చేయడం మొదలెడతాడు. గోపాలపట్నం అనగానే లైన్ కట్. మ్యాప్‌లో ఆటో బొమ్మ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంటుంది, మనమే విసిగి క్యాన్సిల్ చేయాలని. రాత్రిపూట మా వైపు దింపితే తిరుగు గిరాకీ దొరకదు, ఖాళీగా వచ్చిన కిలోమీటర్లకి ఎవరూ డబ్బివ్వరు. కారణం లేకుండా క్యాన్సిల్ చేస్తే ఛార్జీలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయలు జరిమానా అని కేంద్రం 2025 జూలై మార్గదర్శకాల్లో రాసింది. కదలకుండా కూర్చుని మన చేత క్యాన్సిల్ చేయించేవాడికి ఆ రూలు తగలదు.

డ్రైవర్ల ప్రవర్తన మీద జరిగిన పరిశోధన నేను క్లాసులో చెప్పే పాఠం కూడా, అందుకే ఇక్కడ కొంచెం ఆగుతాను. 1997లో కామెరర్, బాబ్‌కాక్, లోవెన్‌స్టైన్, థేలర్ అనే నలుగురు ఆర్థికవేత్తలు న్యూయార్క్ టాక్సీ డ్రైవర్ల ట్రిప్ షీట్లు, అంటే రోజూ ఏ ట్రిప్పుకి ఎంత వచ్చిందో రాసుకునే కాగితాలు, తీసి చూశారు. గిరాకీ బాగున్న రోజున డ్రైవర్లు త్వరగా ఇంటికి పోతున్నారనీ, రోజుకింత అని మనసులో ఒక లెక్క పెట్టుకుని అది రాగానే మీటరు కట్టేస్తున్నారనీ అన్నారు. వినడానికి బాగుంటుంది, అందరూ నమ్మేస్తారు. కానీ ఇందులో ఒక మడత ఉంది. గంట ఆదాయం అంటే రోజు మొత్తాన్ని గంటలతో భాగించగా వచ్చేది. గంటలు రాయడంలో పొరపాటున ఎక్కువ పడితే, భాగహారం వల్ల గంట ఆదాయం దానంతటదే తక్కువగా కనిపిస్తుంది. ఏ డ్రైవరూ ఏమీ చేయకుండానే "ఆదాయం తక్కువ, గంటలు ఎక్కువ" అనే సంబంధం కాగితం మీద పుట్టేస్తుంది. ఆ నలుగురూ దీనికి విరుగుడు వేశారు, ఆ డ్రైవర్ గంట ఆదాయానికి బదులు అదే రోజు మిగతా డ్రైవర్ల గంట ఆదాయాన్ని ఆధారంగా తీసుకుని. అయినా హెన్రీ ఫార్బర్ అనే ఇంకో ఆర్థికవేత్త 2005లో వేరే షీట్లు చూసి, బండి ఆపాలా వద్దా అన్నది ఎంత సంపాదించాడన్న దాని కంటే ఎన్ని గంటలు నడిపాడన్న దాని మీదే నడుస్తోందన్నాడు. 2015లో 2009-2013 నాటి న్యూయార్క్ టాక్సీల ఎలక్ట్రానిక్ రికార్డులు పట్టుకుని, ఆదాయం బాగుంటే మామూలుగా ఎక్కువ సేపే నడుపుతున్నారని తేల్చాడు.

అందులోనే వాన సంగతి కూడా ఉంది. వానలో టాక్సీలు దొరక్కపోవడానికి, డ్రైవర్లు త్వరగా సంపాదించేసి ఇంటికి పోవడం కారణమని అందరూ అనుకునేవారు. ఫార్బర్ లెక్కలో వానలో గంట ఆదాయం పెరగనే లేదు, రోడ్డు మీద బండ్లు మాత్రం తగ్గాయి. జ్ఞానాపురం వైపు నీళ్లు నిలిచిన సాయంత్రం మన డ్రైవర్‌ని అడగండి, ఇదే చెప్తాడు: "గిరాకీ ఉంటాది మేడం, బండి కదిల్తే కదా."

మన ఊళ్లో ఇంకో ముడి ఉంది. బండి సొంతం కానివాడు పొద్దున్నే అద్దెకి బాకీ. అద్దె, గ్యాసు పోయేదాకా అతను నడిపేది ఓనరు కోసం, ఆ తర్వాతే ఇంటి కోసం. జానెడు జానెడు లాగడం ఎక్కువగా పొద్దున్నే చూస్తాను, ఆ అద్దె తీరే వేళప్పుడే. ఇది నా అనుమానమే, షీట్లు పట్టుకుని తేల్చింది కాదు.

షేరింగ్ మీద ఇంకో ప్రసిద్ధమైన లెక్క 2017లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లది. నలుగురు ఎక్కే బండ్లు 3,000 ఉంటే, పదమూడు వేల పైచిలుకు టాక్సీలున్న న్యూయార్క్‌లో గిరాకీలో 98 శాతం తీర్చవచ్చట, సగటున మూడు నిమిషాల లోపు నిరీక్షణతో. మనలో కొందరు దీన్ని పట్టుకుని షేర్ ఆటో గొప్పదని ఎగిరిపోతారు. నాకు అంత సంబరం లేదు. వాళ్ల లెక్కలో బండి మన గుమ్మం దగ్గరికి వస్తుంది, అందుకే పక్క దారులు తిరగాలి. ఇక్కడ మనమే నడిచి హైవే ఎక్కుతాం. చుట్టు తిరుగుడు ఉండకపోవడానికి కారణం మన కాళ్లు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారికి ఈ సర్వీసు లేనట్టే, ఆవిడకి యాప్ ఆటోయే గతి.

2025 ఆగస్టు 15న రాష్ట్ర ప్రభుత్వ స్త్రీశక్తి పథకం కింద మహిళలకి ఉచిత బస్సు వచ్చాక రూటు మారింది. మా కాలేజీ ఆడపిల్లలు చాలామంది బస్సుకి మళ్లారు. ఆటో నిండటానికి ఇదివరకటి కంటే ఎక్కువ సేపు పడుతోంది, జానెడు లాగుళ్లు పెరిగాయి. అక్టోబరులో ప్రభుత్వం ఆటో డ్రైవర్లకి ఏడాదికి 15,000 రూపాయల సాయం ఇచ్చింది. "ఇన్సూరెన్సుకీ ఫిట్‌నెస్‌కీ సరిపోయింది మేడం" అన్నాడొక డ్రైవరు. నేను కూడా కిటికీ పక్క సీటు దొరికేలా ఉంటే బస్సే ఎక్కుతాను. ఫుట్‌బోర్డు మీద వేలాడే జనం ఉంటే ఆటో.

మార్కులు: పగటిపూట హైవే మీద ప్రయాణానికి ఐదుకి నాలుగు. సీటుకి రెండు, ముందు సీటుకి సున్నా. రాత్రి తొమ్మిది దాటాక వీటిని నమ్ముకోవద్దు, పలచబడిపోతాయి. సామాను ఉంటే వెనక సీటు వెనకాల పెట్టిస్తారు, గతుకులకి ఎగిరిపడుతుంది కాబట్టి గాజు సీసాలు ఒళ్లోనే పెట్టుకోండి. విమ్స్ ఆసుపత్రికి వెళ్లేవాళ్లు హనుమంతవాకలో దిగండి. ప్రైవేటు ఆసుపత్రులుండే హెల్త్ సిటీకైతే అక్కడి నుంచి ఆరిలోవ ఆటో మారాలి, దానికి వేరే ఛార్జీ.