ఇంజన్ హీటెక్కుతుంటే ముందు స్కానరా, ప్రెషర్ టెస్టా?

ఎండలు ముదిరాయంటే నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. అలిపిరి దాటి ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి పోతోందని కొందరు, లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్‌లో పోతోందని కొందరు. షెడ్డుకు వెళ్తే ముందు ఏం చేయించాలి: బండి కంప్యూటర్‌కు తగిలించి సెన్సర్ల అంకెలు చదివే స్కానరా, ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం ఎక్కడ కారుతోందో పట్టే ప్రెషర్ టెస్టా?

దానికి నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఆ ద్రవం, అంటే కూలెంట్, తగ్గుతోందా? చాలామంది చెప్పలేరు. తగ్గినప్పుడల్లా చేతిలో ఉన్న బాటిల్ నీళ్లు పోసేసి మర్చిపోతారు. బండి పూర్తిగా చల్లారాక కూలెంట్ డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టండి. కొన్నాళ్లు ఏమీ పోయకుండా, రోజూ పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేయకముందు చూడండి.

గీత దగ్గరే ఉంటే స్కానర్ మేలు. నిలబడ్డప్పుడు హీటెక్కి, రోడ్డెక్కగానే తగ్గితే ఫ్యాన్‌ను అనుమానించాలి. చాలా బండ్లలో స్కానర్ నుంచే ఫ్యాన్ తిప్పి చూడొచ్చు. ట్రాఫిక్‌లో బాగానే ఉండి హైవే మీద వేడెక్కితే రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉండొచ్చు. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన బండ్లలో సున్నం పేరుకోవడం మామూలే. తిరుమల ఘాట్ ఒక్కటే చూసి మాత్రం తేల్చుకోకండి. అక్కడ వేగం తక్కువ, లోడు ఎక్కువ. ఫ్యాన్ పోయినా, రేడియేటర్ పూడినా ముల్లు ఒకేలా లేస్తుంది. చిత్తూరు రోడ్డు మీద కాసేపు తిప్పితే తేడా తెలుస్తుంది.

గీత కిందికి దిగిందా, ఇక ప్రెషర్ టెస్టే. నా ఓటు ఎక్కువసార్లు దీనికే పడుతుంది. ఎందుకంటే స్కానర్ సెన్సర్ చెప్పిందే నమ్ముతుంది. కూలెంట్ బాగా తగ్గి సెన్సర్ గాల్లో తేలితే, ఇంజన్ కాగిపోతున్నా అంకె మామూలుగానే కనిపించవచ్చు. ప్రెషర్ టెస్ట్‌లో ఆ మోసం ఉండదు. చల్లటి ఇంజన్‌కు రేడియేటర్ లేదా కూలెంట్ డబ్బా మూత తీసి చేతి పంపు బిగిస్తారు. మూత మీద రాసి ఉన్నంత ప్రెషర్ ఎక్కించి, 15 నిమిషాలు పంపు మీది గేజ్ ముల్లును చూస్తారు. ముల్లు దిగుతుంటే టార్చ్ వేసి హోస్ పైపుల అతుకులు, వాటర్ పంప్ కింద చిన్న రంధ్రం చూడాలి. అక్కడ ఎండిన కూలెంట్ రంగు మరక కనిపిస్తే దొంగ దొరికినట్టే. బయట ఎక్కడా తడి లేకుండా ముల్లు దిగితే కారు లోపల హీటర్ కోర్ (హీటర్‌కు వేడినిచ్చే చిన్న రేడియేటర్), ఆ తర్వాత హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య సీలు) చూడాలి. అప్పుడు మరో పరీక్ష ఉంది: డబ్బాలోంచి వచ్చే గాలిని నీలి ద్రవం గుండా పంపుతారు. ఇంజన్ మంట వాయువు కలిస్తే అది పసుపు రంగుకు మారుతుంది.

అదే పంపుతో మూతనూ పరీక్షించమనండి. 1.1 బార్ ప్రెషర్ పట్టే మూత బాగుంటే మామూలు నీళ్లు కూడా దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగ్ వదులైతే 100 దాటగానే పొంగుతాయి. ఇంత చిన్న వస్తువును వదిలేసి రేడియేటరే మార్పించుకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది.

"థర్మోస్టాట్ తీసేద్దాం సార్" అంటే ఒప్పుకోకండి. ఇంజన్ వేడిని బట్టి రేడియేటర్‌కు కూలెంట్ దారి తెరిచే వాల్వ్ అది. పాడైతే కొత్తది వేయించండి. పైపుల వేడి చూసే లేజర్ థర్మామీటర్ ఉంటే వాడుకోవచ్చు, లేకపోయినా పర్వాలేదు.

ప్రెషర్ టెస్ట్‌కు ఒప్పుకున్నాక మీరు అక్కడే ఉండండి. ముల్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అది చూశాకే ఏ పార్టు మార్చాలో మాట్లాడండి.