ఫైర్‌ఫాక్స్ సమీక్ష: ముందు చదవడం సుఖంగా ఉండాలి, ప్రైవసీ బిగింపు ఆ తర్వాత

డెస్క్‌టాప్ మీద ప్రైవసీ, యాక్సెసిబిలిటీ (చూపు, చేతులు సరిగా సహకరించనివాళ్లూ వాడుకునే వీలు), నచ్చినట్టు మార్చుకునే వీలు మూడూ కావాలంటే బ్రౌజర్లలో ఫైర్‌ఫాక్సే మంచి ఎంపిక. ఇన్‌స్టాల్ చేసి అలాగే వదిలేస్తే మాత్రం కాదు, కాసేపు కూర్చుని సర్దుకోవాలి. ఆ సర్దుబాటులో వరస ముఖ్యం. ప్రైవసీని మొదటే చివరిదాకా బిగిస్తే, చూపు తక్కువున్నవాళ్లకు అవసరమైన సౌకర్యాలే ముందు దెబ్బతింటాయి.

అక్షరాలతో మొదలుపెట్టండి. సెట్టింగ్స్‌లో ఫాంట్స్ దగ్గర అడ్వాన్స్‌డ్ నొక్కితే ప్రతి లిపికీ విడివిడిగా ఫాంటు, సైజు, కనీస సైజు పెట్టుకోవచ్చు. కనీస సైజు 16 లేదా 18 చేస్తే చీమ తలకాయంత అక్షరాల బెడద తీరుతుంది. ఇక్కడొక చిక్కుంది. ఏ లిపి సెట్టింగ్ వాడాలో బ్రౌజర్ తేల్చుకునేది పేజీ కోడ్‌లో ప్రకటించిన భాషను బట్టి. లోపల ఉన్నదంతా తెలుగే అయినా కోడ్‌లో ఇంగ్లీషని ఉంటే లాటిన్ సెట్టింగే వర్తిస్తుంది. తెలుగుకు సైజు పెంచినా కొన్ని సైట్లలో ఫలితం కనపడకపోవడానికి కారణం ఇదే. అందుకని తెలుగుకీ లాటిన్‌కీ ఒకే కనీస సైజు పెట్టండి.

అక్కడే డిఫాల్ట్ జూమ్ ఉంది. దాని పక్కన అక్షరాలను మాత్రమే పెంచే ఆప్షన్ చూడ్డానికి బాగుంటుంది కానీ, కొలతలు స్థిరంగా ఉన్న పెట్టెల్లో వాక్యాలు ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. మామూలు జూమే నయం. కాంట్రాస్ట్ కంట్రోల్‌లో సొంత రంగులు పెట్టుకుంటే చదవడం తేలికవుతుంది, కానీ రంగు పూతతోనే బటన్‌లా కనిపించేవి మామూలు మాటల్లో కలిసిపోతాయి.

మౌస్ పట్టుకోలేనివాళ్లకు ఫైర్‌ఫాక్స్ నిజంగా పనికొస్తుంది. ఎఫ్7 నొక్కితే పేజీలో కర్సర్ వస్తుంది, బాణం కీలతో కదులుతూ షిఫ్ట్‌తో మాటల్ని ఎంచుకోవచ్చు. సింగిల్ కోట్ కీ నొక్కి లింకులోని నాలుగు అక్షరాలు టైప్ చేస్తే ఆ లింకు దగ్గరికే వెళుతుంది, ఎంటర్ కొడితే తెరుచుకుంటుంది. పేజీలో వ్యాసాన్ని మాత్రమే మిగిల్చి చూపే రీడర్ వ్యూ విండోస్‌లో ఎఫ్9తో వస్తుంది, వ్యాసాన్ని చదివి కూడా వినిపిస్తుంది. ఆ గొంతు ఆపరేటింగ్ సిస్టమ్‌ది, కాబట్టి తెలుగు గొంతు అందులో లేకపోతే బ్రౌజర్ ఏమీ చేయలేదు. తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ల విషయానికొస్తే, 2023లో 113వ వెర్షన్‌తో లోపలి యాక్సెసిబిలిటీ ఇంజిన్‌ను తిరగరాశారు. అప్పటినుంచి పెద్ద పేజీల్లో ఎన్‌వీడీఏ, జాస్ అనే విండోస్ స్క్రీన్ రీడర్లు చురుగ్గా నడుస్తున్నాయి. మ్యాక్‌లో ఉండే స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్ మీదే ఆధారపడేవాళ్లు మాత్రం సఫారీని కూడా పక్కన ఉంచుకోవడం మంచిది.

ఇక ప్రైవసీ. ట్రాకింగ్ ప్రొటెక్షన్‌ను స్టాండర్డ్ నుంచి స్ట్రిక్ట్‌కు మార్చండి. ప్రతి సైటు కుకీలనూ (సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారం) దాని డబ్బాలోనే ఉంచే టోటల్ కుకీ ప్రొటెక్షన్ 2022 నుంచి అందరికీ డిఫాల్ట్‌గా ఉంది. స్ట్రిక్ట్ దానిపైన మరిన్ని ట్రాకర్లను ఆపుతుంది. దీనివల్ల కొన్నిచోట్ల వీడియోలు, వేరే సైటు ఖాతాతో చేసే లాగిన్లు మొరాయిస్తాయి. అప్పుడు అడ్రస్ బార్‌లోని డాలు గుర్తు నొక్కి ఆ ఒక్క సైటుకే రక్షణ ఆపండి, మొత్తం స్టాండర్డ్‌కు దించకండి.

తర్వాత ప్రకటనల్నీ ట్రాకర్లనీ ఆపే ఎక్స్‌టెన్షన్ యూబ్లాక్ ఆరిజిన్ ఎక్కించండి. ఫైర్‌ఫాక్స్‌ను ఎంచుకోవడానికి ఇదొక్కటే చాలినంత కారణం. క్రోమ్ మ్యానిఫెస్ట్ వీ3 అనే కొత్త ఎక్స్‌టెన్షన్ పద్ధతికి మారాక పూర్తి యూబ్లాక్ అందులో నడవడం లేదు, లైట్ రకమే మిగిలింది. కొత్త పద్ధతిలో ఎక్స్‌టెన్షన్ ముందే ఇచ్చిన నియమాల జాబితాను బ్రౌజరే అమలు చేస్తుంది. పాత పద్ధతిలో ప్రతి రిక్వెస్టునూ ఎక్స్‌టెన్షనే చూసి ఆపగలదు. ఫైర్‌ఫాక్స్ ఆ రెండో దారిని తెరిచే ఉంచింది. ఒక్కటే చాలు, రెండు మూడు బ్లాకర్లు కలిపితే సైటు ఎక్కడ చెడిందో కనుక్కోవడం కష్టం.

ముందు చెప్పిన పేచీ ఇక్కడే. అడ్రస్ బార్‌లో about:config అని కొడితే వచ్చే లోపలి సెట్టింగుల పేజీ, అబౌట్ కాన్ఫిగ్‌లో 'రెసిస్ట్ ఫింగర్‌ప్రింటింగ్' అనే సెట్టింగ్ ఉంది. బ్రౌజర్, కంప్యూటర్ వివరాలను కలిపి మనిషిని గుర్తుపట్టడమే ఫింగర్‌ప్రింటింగ్. దాన్ని ఆన్ చేయమనే సలహాలు చాలా కనిపిస్తాయి. అందరి బ్రౌజర్లూ ఒకేలా కనిపించాలన్నది దాని లక్ష్యం కాబట్టి మీరు డార్క్ థీమ్ కోరుకున్నారని, కదలికలు తగ్గించమన్నారని, ఎక్కువ కాంట్రాస్ట్ అడిగారని సైట్లకు తెలియనివ్వదు. ఏ సైటుకు ఎంత జూమ్ పెట్టారో కూడా గుర్తుంచుకోదు. టైమ్ జోన్ యూటీసీగా చూపిస్తుంది, అందుకే కొన్ని సైట్లలో సమయాలు తేడాగా కనిపిస్తాయి. కదిలే బొమ్మలు చూస్తే తల తిరిగే మనిషికి ఇది ప్రైవసీ కాదు, శిక్ష. అలాంటివాళ్లు దీని జోలికి పోవద్దు. స్ట్రిక్ట్‌లోనే ఉన్న తేలికపాటి ఫింగర్‌ప్రింటింగ్ రక్షణ సరిపోతుంది. ప్రాణాపాయం ఉన్న పనికి అజ్ఞాతం కావాలంటే అందుకోసమే చేసిన టోర్ బ్రౌజర్ వాడాలి, దానికి ఎక్స్‌టెన్షన్లు తగిలించకూడదు.

రూపం మార్చుకోవడంలో ఫైర్‌ఫాక్స్ చాలా దూరం రానిస్తుంది. 2025లో 136వ వెర్షన్‌తో నిలువు ట్యాబులు వచ్చాయి. అంతకు మించి కావాలంటే బ్రౌజర్ రూపాన్ని మార్చే స్టైల్ ఫైలు, యూజర్‌క్రోమ్ సీఎస్ఎస్ (userChrome.css) ఉంది. అబౌట్ కాన్ఫిగ్‌లో 'లెగసీ యూజర్ ప్రొఫైల్ కస్టమైజేషన్స్' సెట్టింగ్ ట్రూ చేసి, అబౌట్ సపోర్ట్ పేజీనుంచి ప్రొఫైల్ ఫోల్డర్ తెరిచి, అందులో క్రోమ్ (chrome) పేరుతో ఫోల్డర్ పెట్టి ఆ ఫైలు రాయాలి, బ్రౌజర్ మూసి తెరవాలి. ట్యాబ్ అక్షరాలు పెద్దవి చేయడానికి ఇది చక్కటి దారి. మారేది బ్రౌజర్ రూపమే కాబట్టి సైట్లు ఈ ఫైలును చదవలేవు. కాకపోతే అప్‌డేట్లలో లోపలి పేర్లు మారి స్టైల్ చెడుతుంది, కాపీ దాచుకోండి. కోడ్ తలనొప్పి వద్దనుకుంటే వివాల్డీ బ్రౌజర్ మెనూలతోనే ఇంతకన్నా ఎక్కువ మార్చనిస్తుంది, అయితే దాని ఇంటర్‌ఫేస్ పూర్తిగా ఓపెన్ సోర్స్ కాదు. ఏమీ సర్దుకోకుండా ప్రకటనలు ఆగాలంటే బ్రేవ్ బ్రౌజర్ మంచిది.

ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లాను గుడ్డిగా నమ్మమని చెప్పడం లేదు. దాని ఆదాయంలో ఎక్కువ భాగం గూగుల్‌ను డిఫాల్ట్ సెర్చ్‌గా ఉంచినందుకు వచ్చేదే. 2024లో 128వ వెర్షన్‌లో ప్రకటనల ఫలితాలను కొలిచే ఫీచర్‌ను ఎవరినీ అడక్కుండా ఆన్ చేసింది. అది తప్పే. ప్రైవసీ పేజీలో డేటా సేకరణ కింద ఉన్న టిక్కులన్నీ, హోమ్ పేజీలో స్పాన్సర్డ్ షార్ట్‌కట్లూ తీసేయండి.

ఆండ్రాయిడ్‌లోనూ యూబ్లాక్ ఆరిజిన్ నడుస్తుంది. ఐఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ లోపల ఉండేది సఫారీ వాడే వెబ్‌కిట్ ఇంజినే, ఎక్స్‌టెన్షన్లు లేవు. అక్కడ సఫారీకి ఒక కంటెంట్ బ్లాకర్ జతచేయడమే మేలు.