ఎనిమిది నెలలు ఆగే పంపు: నీళ్లతో ఉంచాలా, ఎండబెట్టి ఆయిల్ పట్టించాలా?

చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్, అంటే చెరుకు గానుగ, ఆగిన సాయంత్రమే మొదలయ్యే వాదన ఇది. మా వైపు డిసెంబరులో మొదలైతే మార్చి నెలాఖరుకో, ఏప్రిల్‌లోనో ఆగుతుంది. ఆ తర్వాత ఇంజెక్షన్ పంపులు (కండెన్సర్లకు చల్లనీళ్లు పంపేవి), రసం పంపులు, మొలాసిస్ పంపులు ఖాళీగా కూర్చుంటాయి. మధ్యలో వానాకాలం మొత్తం ఉంది. నీళ్లు అలాగే ఉంచేయండి, గాలి తగలకపోతే తుప్పు పట్టదు అని పాత ఫిట్టర్లు అంటారు. నీళ్లన్నీ దించేసి ఎండబెట్టి ఆయిల్ పట్టించమంటారు తర్వాత వచ్చినవాళ్లు. ఈమధ్య స్టోర్స్‌వాళ్లు వీసీఐ (ఆవిరై తుప్పును ఆపే మందు) పొడి, వీసీఐ కాగితం తెచ్చి మూడో దారి చూపిస్తున్నారు.

పాతవాళ్ల మాట ఉత్తదేం కాదు. మూసి ఉన్న కేసింగ్‌లో, అంటే పంపు గుల్లలో, నీళ్లు నిండుగా ఉంటే, అందులో కరిగిన ఆక్సిజన్ కొంత తుప్పు పట్టించి తానే అయిపోతుంది. ఆ తర్వాత తుప్పు నెమ్మదిస్తుంది. చిక్కల్లా ఆ 'నిండుగా' అన్న మాట దగ్గరే. షాఫ్ట్ బయటికొచ్చే చోట, అంటే గ్లాండ్ దగ్గర, చుక్క చుక్కగా కారి జూన్ కల్లా పంపు సగానికి వస్తుంది. లోపల సగం నీళ్లు, సగం చెమ్మగాలి. ఇంతకంటే చెడ్డ స్థితి ఇంకోటి లేదు. నీటిమట్టం ఉన్నచోట ఇంపెల్లర్ (లోపల తిరిగే చక్రం) మీద గీత గీసినట్టు గుంటలు పడతాయి. పైగా మా స్ప్రే పాండ్ (కండెన్సర్ నీళ్లు చల్లార్చే చెరువు) నీళ్లలో ఎంతో కొంత చక్కెర కలిసే ఉంటుంది. అది పులిస్తే ఆమ్లం. పోత ఇనుముకు ఆమ్లం పడదు.

నీళ్లు నింపి ఉంచాల్సిన పంపు ఒక్కటుంది, ఫైర్ పంపు. ఏ క్షణాన అవసరం పడుతుందో తెలియదు కాబట్టి దాన్ని నింపే ఉంచి, వారానికోసారి నడిపి చూడాలి. దాన్ని ఎండబెట్టే ఆలోచనే వద్దు.

మిగతావాటికి నా ఓటు ఎండబెట్టడానికే. అయితే 'దించేశాం' అన్న మాటని నేను నమ్మను, ఒకసారి దెబ్బ తిన్నాను. నవంబరులో ట్రయల్‌కి ఒక ఇంజెక్షన్ పంపు షాఫ్ట్ తిప్పబోతే కదల్లేదు. రెంచికి పైపు తొడిగి ఇద్దరం వేలాడినా లాభం లేదు. పై కేసింగ్ ఎత్తి చూస్తే ఇంపెల్లర్, దాని చుట్టూ ఉండే వేర్ రింగ్ తుప్పుతో ఒకటైపోయాయి, అడుగున ఎర్రటి నీళ్లు. డ్రెయిన్ ప్లగ్ ఏప్రిల్‌లోనే విప్పి పక్కన పెట్టారు, అది నిజం. కానీ రంధ్రంలో చెరుకు పిప్పి, బురద గట్టిగా కూరుకుపోయి ఉంది. నాలుగు చుక్కలు కారి ఆగిపోతే ఖాళీ అయిపోయిందనుకున్నారు. అప్పటినుంచి ప్లగ్ విప్పాక ఇనప తీగతో పొడిచి చూడందే సంతకం పెట్టను.

పద్ధతి పెద్ద కష్టమేం కాదు. రసం, మొలాసిస్ పంపులైతే ముందు వేడినీళ్లతో తీపి పోయేదాకా కడగాలి. నీళ్లన్నీ దించి, కంప్రెసర్ గాలి పట్టి, తుప్పు నివారణ ఆయిల్ లోపలంతా తగిలేలా షాఫ్ట్ తిప్పుతూ కొట్టాలి. సక్షన్, డెలివరీ రెండు వైపులా బ్లాంకులు (మూత పలకలు) వేయాలి. గ్రాఫైట్ గ్లాండ్ ప్యాకింగ్ తీసేయడం మేలు. చెమ్మ చేరితే అది షాఫ్ట్ మీది స్లీవ్‌ని కొరుకుతుంది. మెకానికల్ సీల్‌లో ఈపీడీఎం రబ్బరు ఉంటే మాత్రం మినరల్ ఆయిల్ దగ్గరకు రానివ్వకండి. ఉబ్బిపోతుంది, సీల్ చెత్తబుట్టకే.

వీసీఐ ఆవిరిలా వ్యాపించి లోహం మీద పలుచని పొరలా కూర్చుంటుంది. చేయి దూరని మూలలకీ చేరుతుంది, తర్వాత తుడిచే పని ఉండదు. కానీ చోటు గట్టిగా మూసి ఉండాలి. పైపు లైనుకు తగిలించి ఉన్న పంపులో, వాల్వులు లీకైతే ఆ ఆవిరి నిలవదు. అందుకే స్టోర్స్‌లో పెట్టెలో ఉండే స్పేర్ పంపుకి అదే మేలు, బేస్ మీద ఉన్నదానికి ఆయిలే మేలు. కొన్ని రకాలు కంచు ఇంపెల్లర్‌కి పడవు, కొనేముందు ప్యాకెట్ మీద చదవండి.

ఏ దారి ఎంచుకున్నా చేత్తో తిప్పడం తప్పదు. వారానికోసారి ఒకటింబావు చుట్టు. ఆ పావు ఎందుకంటే, షాఫ్ట్ ప్రతిసారీ వేరే చోట ఆగుతుంది. లేకపోతే బేరింగ్ బాల్స్ ఒకేచోట కూర్చుని, పక్కన నడిచే మిషన్ల అదురుకి రేస్ (బాల్స్ దొర్లే గాడి) మీద నొక్కులు పడతాయి. మేం కప్లింగ్ మీద నాలుగు రంగుల పెయింట్ చుక్కలు పెట్టాం. ఈ వారం ఎరుపు పైకి, వచ్చే వారం పసుపు. తిప్పకుండా రిజిస్టర్‌లో టిక్కు పెట్టేవాళ్లు దొరికిపోతారు.

బేరింగ్ హౌసింగ్‌ని ఆయిల్‌తో షాఫ్ట్ మునిగేదాకా నింపితే, ఆ సంగతి రాసిన అట్టముక్క కప్లింగ్ గార్డుకి కట్టండి. ఆ ఆయిల్ దించి, మామూలు లెవెల్‌కి కొత్తది పోశాకే స్టార్ట్ చేయాలి. మోటారుకి 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూడనిదే స్విచ్ మీద చెయ్యి వేయకండి.