పిల్లలతో క్యాంపింగ్‌కు టెంట్ కొంటున్నారా? ‘వాటర్‌ప్రూఫ్’ అన్న ఒక్క మాట చూసి కొనకండి

చిన్న పిల్లలతో మొదటిసారి క్యాంపింగ్‌కు వెళ్లాలనుకొని ఆన్‌లైన్‌లో టెంట్ వెతుకుతున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. గత డిసెంబరులో ఒక షాపింగ్ యాప్‌లో ‘నలుగురికి సరిపడే పూర్తి వాటర్‌ప్రూఫ్ ఫ్యామిలీ టెంట్’ను 3,199 రూపాయలకు కొని, ఆరేళ్ల పాపను, మూడేళ్ల బాబును తీసుకొని విశాఖపట్నం నుంచి లంబసింగి వెళ్లాము. ఆ రాత్రి ఒక్క వాన చినుకు కూడా పడలేదు. అయినా తెల్లవారకముందే పిల్లల దుప్పట్లు పిండితే నీళ్లు కారేటంతగా తడిసిపోయాయి.

మూడు గంటల వేళ పాప లేచి, ‘నాన్నా, వాన నా ముక్కు మీద పడింది’ అన్నది. టార్చి పైకి వేసి చూస్తే గుడారం లోపలి గుడ్డకు పెసరగింజలంత నీటి బొట్లు బారులు తీరి ఉన్నాయి. మోచేయి తగిలితే చాలు, పది బొట్లు ఒకదానితో ఒకటి కలిసి పక్కల మీదికి జారుతున్నాయి. అది ఒకే పొర ఉన్న టెంట్ అని నాకు అప్పటికి గానీ అర్థం కాలేదు. సరైన టెంటుకు లోపల గాలి ఆడే జాలీ గుడ్డ, దానికి కొంత ఎడంగా నేల దాకా దిగే పైకప్పు విడిగా ఉంటాయి. మా టెంటుకు పైకప్పు పేరుతో నడినెత్తిన తువ్వాలంత ముక్క ఒకటి కుట్టారు. నలుగురి ఊపిరిలోని తేమ బయటికి పోయే దారి లేక, మంచుకు చల్లబడిన పాలియెస్టర్ గుడ్డకు తగిలి, అన్నం గిన్నె మూతకు ఆవిరి పట్టినట్లు నీరయింది. లోపలి తేమను బయటికి పోనివ్వలేదు కనుక ‘వాటర్‌ప్రూఫ్’ అన్నది ఆ మేరకు నిజమే అనుకోవాలి.

బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని లంబసింగికి కొర్రబయలు అనే పేరు వచ్చిందంటారు. అలాంటి చలిలో తడి మేజోళ్లతో వణుకుతున్న మూడేళ్ల పిల్లవాణ్ని చూస్తే కాళ్లూ చేతులూ ఆడలేదు. పక్క గుడారం వారు జాలిపడి బొగ్గుల కుంపటిని లోపల పెట్టుకోమన్నారు. దయచేసి ఆ పని ఎన్నడూ చేయవద్దు; మూసిన గుడారంలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మేము పిల్లలను కారులోకి మార్చి, పొడి స్వెటర్లు వేసి, తెల్లవారేదాకా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాము.

‘నలుగురికి’ అన్నది కూడా లెక్క చూసుకోవలసిన మాటే. టెంట్ వెడల్పు 200 సెంటీమీటర్లు, అంటే మనిషికి 50. పెద్దవాళ్ల భుజాలకే అది చాలదు, ఇక సంచులు ఎక్కడ పెట్టాలి? ఇంటికి వచ్చాక మేడ మీద వేసి పైపుతో నీళ్లు కొట్టి చూస్తే, కుట్ల వెంట ధారగా లోపలికి కారింది. ఆ కుట్లకు లోపలివైపు టేపు అంటించనే లేదు.

నా తప్పూ ఉంది. ఐదు నక్షత్రాలు ఇచ్చినవారిలో చాలామంది ‘డెలివరీ తొందరగా వచ్చింది, రంగు బాగుంది’ అనే రాశారు; అందులో పడుకొని రాసినవారు ఇద్దరే, ఆ ఇద్దరూ ఇచ్చింది ఒక్కో నక్షత్రం. అవి నేను తిరిగి వచ్చాక చదివాను. ప్రయాణానికి రెండు వారాల ముందే కొని, పెట్టె విప్పకుండా అటక మీద పెట్టడం అంతకన్నా పెద్ద పొరపాటు. వాపసు గడువు 7 రోజులే కావడంతో, గడువు దాటింది, పైగా వాడిన వస్తువు అని విక్రేత చేతులు దులుపుకున్నాడు.

కాబట్టి టెంట్ వచ్చిన రోజే పెట్టె విప్పుతూ వీడియో తీయండి, గడువులోగా మేడ మీద వేసి నీళ్లు కొట్టి చూడండి, వీలైతే పిల్లలతో ఒక రాత్రి అందులోనే పడుకోండి. పొరలు ఎన్ని, గుడ్డ ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు నీటి ఒత్తిడికి ఆగుతుంది అన్నవి ప్రకటనలో లేకపోతే ఆ టెంట్ జోలికి పోవద్దు. ఆ లెక్క 1,500 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉన్నది పిల్లలతో వెళ్లేవారికి పనికిరాదని నా అభిప్రాయం.

2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును తిరిగి తీసుకోవడానికి విక్రేత నిరాకరించకూడదు. యాప్ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. నేను యాప్‌కు ఫిర్యాదు చేసి ఆ నెల గడిచినా ఉలుకూ పలుకూ లేకపోవడంతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ మొదట అడిగినవి బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్. బిల్లు నా దగ్గర ఉంది. ప్రకటనలో మాత్రం ఈలోగా ‘పూర్తి’ అన్న మాట తీసేశారు, కొన్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసుకోవాలని నాకు తోచలేదు.