తల్లిదండ్రులకు మత్తు పరీక్ష: మూత్రమా, వెంట్రుకా?

వరంగల్‌లో బాలల సంక్షేమ సమితి ముందు ఒక తండ్రి గంజాయి మానేశానంటే ఏ పరీక్షతో తేల్చాలి?

మూత్రం: ఖర్చు తక్కువ, కిట్‌తో ఫలితం నిమిషాల్లో.
వెంట్రుక: ఖర్చెక్కువ, ల్యాబ్ కోసం ఎదురుచూపు.

మూత్రంతో చిక్కేమిటంటే, రోజూ తాగినవారిలో మానేశాక కూడా వారాల తరబడి గంజాయి ఆనవాళ్లు కనిపించవచ్చు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపితే అది పరీక్షలో బయటపడవచ్చు, కానీ తాగినవారికి ఆ సంగతే తెలియదు. కిట్ ఫలితాన్ని ల్యాబ్‌లో నిర్ధారించకుండా బిడ్డను దూరం చేయడం ఘోరం.

కుదురు నుంచి 3 సెంటీమీటర్ల వెంట్రుక సుమారు 3 నెలల చరిత్ర చెబుతుంది, గత వారం సంగతి చెప్పదు. వేములవాడలో తలనీలాలిచ్చి వచ్చినవారికి ఆ లెక్క కుదరదు.

బిడ్డకు వేళకు అన్నం పెడుతున్నారా అన్నది రెండూ చెప్పవు, ఇంటికెళ్లి చూడాల్సిందే.

నిన్నమొన్నటి అనుమానానికి మూత్రం, నెలల అలవాటు తేల్చడానికి వెంట్రుక.